పది లక్షల సెకన్లు

ఉత్తరాలు రాయడంలో ఆ ఫ్యాక్టరీ వాళ్ళని మించినవాళ్ళు లేరు. రెండు వేళ్ళు పోగొట్టుకున్న మనిషికి మూడు పేజీలు రాశారు. అందులో 'వేళ్ళు' అన్న మాట ఒక్కసారే ఉంది. మిగతాదంతా క్రమశిక్షణ, నిబంధనలు, సంస్థ ప్రతిష్ఠ. గురువారం సాయంత్రం తమ్ముడు ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే అక్క ఆ కాగితాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మూడుసార్లు చదివానురా. తప్పు మనదేనని అర్థమైంది గానీ ఏం తప్పు చేశామో అర్థం కాలేదు" అంది.

తమ్ముడు కెమెరాలు బిగించే షాపులో పనివాడు. పద్నాలుగేళ్ళుగా గోడలకి కన్నాలు పెట్టడం, నిచ్చెనెక్కి వైర్లు లాగడం, దిగి దుమ్ము దులుపుకోవడం. ఊరంతా అతన్ని కెమెరాల మనిషి అంటారు. ఈ ఉత్తరం రాసిన బట్టల ఫ్యాక్టరీలో పదహారు కెమెరాలూ బిగించింది అతనే. ఆ పదహారింటిలో ఆరోది సరిగ్గా తన బావ పనిచేసే బల్ల నెత్తినే ఉంది. బిగించిన రోజున బావ కిందనుంచి తలెత్తి, "నా బట్టతల మీదే పెట్టాలా? ఇంకెక్కడా చోటు దొరకలేదా?" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు.

బావ ఆ ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. నూరు వరసల గుడ్డని ఒకదాని మీద ఒకటి పరిచి, కరెంటు కత్తితో ఒక్క ఊపున చొక్కా చేతులు కోసే పని. కత్తి ముందు చేతికి అడ్డంగా ఒక ఇనప గార్డు ఉంటుంది. పోయిన వారం మంగళవారం పొద్దున పది గంటలకి మేనేజరు స్వయంగా వచ్చాడు. సరుకు ఆలస్యమవుతోందనీ, గార్డు ఉంటే ఇంకో ఇరవై వరసలు పట్టడం లేదనీ చెప్పి, స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని తన చేత్తోనే గార్డు ఊడదీసి పక్కన పెట్టి వెళ్ళాడు. పదీ ఇరవైకి బావ ఎడమచేతి చూపుడువేలూ నడిమివేలూ పోయాయి. ఉత్తరం ప్రకారం, పని తొందరగా ముగించుకుని ఇంటికి పోవాలన్న ఆత్రంతో గార్డు ఊడదీసింది బావే.

పంతొమ్మిదేళ్ళుగా బావ ఏ రోజూ ఆత్రంగా ఇంటికి వచ్చినవాడు కాదు. ఆ సంగతి అక్కనడిగితే చెప్పేది, ఎవరూ అడగలేదు.

"ఉద్యోగం పోతే పోనీ. నేనే ఊడదీసుకున్నానని రాస్తే మాత్రం ఇంకెక్కడా నన్ను బల్ల దగ్గరికి రానివ్వరు. వేళ్ళు తెగినవాడికి పని దొరుకుతుందేమో గానీ వేళ్ళు తెగ్గోసుకున్నవాడికి దొరకదు" అన్నాడు బావ. కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఆసుపత్రికి వచ్చిన రోజున మేనేజరు ఎంతో మెత్తగా మాట్లాడి వెళ్ళాడు. అంతా కెమెరాలో ఉంటుంది, విచారణలో అందరి ముందూ చూద్దాం, ఎవరూ కంగారు పడొద్దు అన్నాడు. ఆ మాట పట్టుకుని వీళ్ళు పది రోజులూ నోరు మెదపలేదు. ఇప్పుడు మూడో పేజీలో ఇలా ఉంది: మా రికార్డరులో దృశ్యాలు ఒకటిన్నర రోజు మాత్రమే నిలవ ఉంటాయి, ఆ తరవాత పాతవాటి మీద కొత్తవి పడతాయి, కావున సదరు సంఘటన దృశ్యాలు లభ్యం కావు. ఊరికే అనలేదు, కింద లెక్క కూడా వేశారు. కెమెరాకి సెకనుకి నాలుగు మెగాబైట్లు. పదహారు కెమెరాలకి అరవై నాలుగు. డిస్కు ఎనిమిది టెరాబైట్లు, అంటే ఎనభై లక్షల మెగాబైట్లు. భాగిస్తే లక్షా పాతికవేల సెకన్లు. ముప్ఫై అయిదు గంటలకి కొంచెం తక్కువ.

తమ్ముడు ఆ లెక్క దగ్గర ఆగాడు. వేలితో ఒక్కో అంకే నొక్కుకుంటూ మళ్ళీ చదివాడు. తరవాత పైకే నవ్వాడు.

"ఏరా, ఉత్తరం చూసి నవ్వుతున్నావా, నా చెయ్యి చూసా?" అన్నాడు బావ.

"ఇవి మెగాబైట్లు కావు బావా. మెగాబిట్లు. ఆ నాలుగు పెట్టింది నేనే."

"రెంటికీ తేడా ఏమిటి?"

"ఎనిమిది బిట్లయితే ఒక బైటు. కెమెరా ఎంత జోరుగా పంపుతోందో బిట్లలో చెప్తారు. డిస్కులో ఎంత పడుతుందో బైట్లలో చెప్తారు. ఎందుకలా అంటే నాకూ తెలీదు. నేను పనిలో చేరేటప్పటికే అలా ఉంది."

బావ కుర్చీలో ముందుకి జరిగాడు. "గుండీలు అట్టకి ఎనిమిది చొప్పున కుట్టి వస్తాయి మాకు. స్టోరువాడు అట్టలు లెక్కపెడతాడు, కుట్టే ఆడవాళ్ళు విడిగా లెక్కపెడతారు. వీడు నాలుగు గుండీలని నాలుగు అట్టలనుకున్నాడు."

"అంతే బావా."

"అంత చదువుకున్నాడే?"

"చదువుకున్నాడు. గుండీలు కుట్టలేదు."

తమ్ముడు ఉత్తరం వెనక్కి తిప్పి పెన్సిలు తీశాడు. నాలుగు మెగాబిట్లంటే అర మెగాబైటు. పదహారు అరలు ఎనిమిది. ఎనభై లక్షలని ఎనిమిదితో భాగిస్తే పది లక్షలు. పది లక్షల సెకన్లు, చిల్లర లేకుండా. పదకొండు రోజుల పదమూడు గంటల నలభై ఆరు నిమిషాలు.

అక్కకి అనుమానం పోలేదు. "డిస్కు మీద ఎంత రాసుంటుందో లోపల అంత ఉండదని నువ్వే అన్నావుగా ఒకసారి. ఎనిమిది అని కొంటే ఏడూ చిల్లర చూపిస్తుందని?"

"ఏడూ పాయింటు రెండు ఏడు చూపిస్తుంది. అది తరుగు కాదక్కా. డిస్కు చేసేవాళ్ళు వెయ్యికోసారి మెట్టెక్కుతారు, మిషను వెయ్యీ ఇరవై నాలుగుకోసారి ఎక్కుతుంది. బావనడుగు. ఒకే తానుని గజాల్లో కొలిస్తే అంకె పెద్దదిగా ఉంటుంది, మీటర్లలో కొలిస్తే చిన్నదవుతుంది. గుడ్డేం తగ్గదు."

"తగ్గదు" అన్నాడు బావ. పది రోజుల్లో అతని మొహం తేటపడింది అప్పుడే.

మంగళవారం పది గంటల నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టారు. శనివారం రాత్రి పదకొండూ నలభై ఆరు దాకా ఆ గార్డు ఊడదీసిన దృశ్యం డిస్కులో ఉంటుంది. ఇవాళ గురువారం. విచారణ రేపే.

"వాళ్ళు తెరిచి చూడలేదంటావా?" అంది అక్క.

"చూడలేరు. పాతవి తెరవాలంటే షాపు పాస్‌వర్డు కావాలి. మేనేజరుకి కనిపించేది అప్పటికప్పుడు జరిగేదే. కాగితం మీద లెక్క వేసుకుని పోయిందని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నారు."

"అయితే నెలనెలా కెమెరాల అద్దాలు తుడవడానికి వెళ్తావుగా, రేపు పొద్దున్నే గుడ్డ పట్టుకుని వెళ్ళి, ఆ ముక్క చడీచప్పుడు లేకుండా తెచ్చెయ్యరాదా?"

తమ్ముడికి ఆ మాట నచ్చలేదు. దొంగతనంగా తెస్తే మనమే ఏదో అతికించామంటారన్నాడు. అధికారి తెమ్మంటే దానికున్న బలమే వేరన్నాడు. అవి రెండూ నిజమే. వాటి వెనక మూడోది ఇంకొకటుంది, అది పైకి అనలేదు. పద్నాలుగేళ్ళుగా అతను నిచ్చెన మీద ఉండగా కిందనుంచి "అయిందా?" అని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. ఆ లెక్క తను నలుగురి ముందు నిలబడి చెప్పాలని అతనికి ఉంది.

*

కార్మిక శాఖ విచారణ అధికారిణికి రిటైరవడానికి ఏడాది ఉంది. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, బల్ల మీద ఇంకో మూడు ఫైళ్ళు. చెడ్డమనిషి కాదు. బావని చూడగానే కుర్చీ ఇప్పించింది, నొప్పి ఉందా అని అడిగింది. బావ లేదన్నాడు, ఎవరడిగినా అలాగే అంటాడు.

మేనేజరు తన మూడు పేజీలూ చదివాడు. గొంతు పెంచని మనిషి. లెక్క దగ్గరికొచ్చేసరికి ఇంకా తగ్గించాడు, వేళ్ళు పోయినవాడి ముందు అంకెలు చదవాల్సి వచ్చినందుకు బాధపడుతున్నట్టు.

"మేడమ్, ఆ లెక్క తప్పు" అన్నాడు కెమెరాల మనిషి.

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "నువ్వెవరు?"

"ఆ కెమెరాలు బిగించింది నేనే మేడమ్. ఈయన మా బావ."

"ఏది, చెప్పు."

గోడకి తెల్లబోర్డు ఉంది. అతను లేచి వెళ్ళాడు. ఎనిమిది సున్నాలు గీసి చుట్టూ ఒక గీత పెట్టి, ఇవి బిట్లు, ఈ గీత బైటు అన్నాడు. బావ చెప్పిన గుండీల అట్ట కూడా వాడుకున్నాడు. అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? అధికారిణి మధ్యలో "ఆహా" అంది. మూలనున్న గుమాస్తా కూడా రాయడం ఆపి చూశాడు. కెమెరాల మనిషికి పట్టలేనంత సంతోషం కలిగింది.

మేనేజరు అడ్డు తగల్లేదు. డైరీ తీసి రాసుకుంటున్నాడు.

"ఒక్క నిమిషం. బిట్లని బైట్లు చెయ్యాలంటే ఎనిమిదితో గుణించాలా, భాగించాలా?" అన్నాడు.

"భాగించాలి సార్. బైట్లని బిట్లు చేసేటప్పుడు గుణించాలి."

"అయితే సెకనుకి ఎనిమిదే మెగాబైట్లు. మరి అంతా కలిపి ఎన్నాళ్ళు వస్తుందంటావు?"

"పది లక్షల సెకన్లు సార్. పదకొండు రోజుల పదమూడు గంటల నలభై ఆరు నిమిషాలు."

"అంటే ఆ మంగళవారం పదింటిది..."

"శనివారం రాత్రి పదకొండూ నలభై ఆరుకి చెరిగిపోతుంది. అందాకా పదిలంగా ఉంటుంది."

మేనేజరు ఆ సమయం రాసుకుని, కింద గీత గీసుకున్నాడు. మొహం కొంచెం పాలిపోయింది, అంతే. శ్రద్ధగా వింటున్నాడని కెమెరాల మనిషి అనుకున్నాడు. వింటున్న మాట నిజమే.

"లెక్క తప్పయితే సరిదిద్దుకోవాలిగా, అందులో సిగ్గేముంది" అన్నాడు మేనేజరు అధికారిణితో. "రికార్డరు డైరెక్టరుగారి గదిలో ఉంది మేడమ్. తాళం ఆయన దగ్గరే. ఆయన ఆదివారం దిగుతారు. సోమవారం పది గంటలకి నేనే మోసుకొచ్చి మీ బల్ల మీద పెడతాను."

"సోమవారానికి ఉండదు మేడమ్" అన్నాడు కెమెరాల మనిషి. ఇంకా బోర్డు దగ్గరే ఉన్నాడు.

"రికార్డింగు ఆపేస్తే చెరగదుగా?"

"ఆపేస్తే చెరగదు మేడమ్."

"అయితే ఆపించండి" అందావిడ మేనేజరుతో.

"అలాగే మేడమ్."

ఆవిడ ఫైలు మీద 'సోమవారం, పది గంటలకి హాజరు' అని రాసి, రెండో ఫైలు దగ్గరికి లాక్కుంది. ఆపించమన్న మాట నోటితో అంది గానీ కాగితం మీద పెట్టలేదు. ఆ సంగతి బావ గమనించాడు. మెట్లు దిగుతూ అన్నాడు కూడా. తమ్ముడు, "ఆవిడే చెప్పాక ఇంకేం బావా" అని కొట్టిపారేశాడు.

*

శనివారం పొద్దున తొమ్మిదింటికి అతను ఫ్యాక్టరీ గేటు దగ్గరున్నాడు, నిజంగా ఆపారో లేదో కళ్ళతో చూసుకుని వద్దామని. కాపలాదారుకి అతను బాగా తెలుసు. ఎప్పుడొచ్చినా పేరు కూడా రాయించుకోడు. ఇవాళ మాత్రం లేచొచ్చి గేటుకి అవతలే నిలబడ్డాడు.

"నిన్ను పంపొద్దన్నారు. పొద్దున్నే ఫోనొచ్చింది. నన్నేమీ అడక్కు బాబూ."

"లోపలికి వద్దులే. మీ గదిలో తెర చూడనియ్యి చాలు."

కాపలాదారు అటూ ఇటూ చూసి, గది కిటికీ రెక్క బార్లా తీశాడు. పాతికేళ్ళుగా గేట్లు మూసినవాడు ఇంతకంటే చెయ్యలేడు. తెర మీద పదహారు గళ్ళు. ప్రతి గడి మూలనా ఎర్రచుక్క వెలిగి ఆరుతోంది. రికార్డవుతున్నప్పుడు ఉండే చుక్క అది.

అధికారిణి ఆఫీసుకి ఫోన్ చేశాడు. శనివారం సెలవు. షాపు యజమానికి చేశాడు. ఆయన మొత్తం వినకుండానే, "అయినవాళ్ళ గొడవలోకి షాపుని లాగకు. నువ్వు ఇవాళ సెలవు పెట్టావు, సెలవులో ఉన్నట్టే ఉండు" అన్నాడు. మేనేజరుకి చేశాడు, మోగింది. మళ్ళీ చేశాడు, మోగలేదు.

వెళ్ళిపోవచ్చు. వెళ్ళి మాత్రం ఏం చేస్తాడు? గోడవారన నిలబడ్డాడు. గేటు మీది ఒకటో కెమెరా సూటిగా అతన్నే చూస్తోంది. కిటికీలోంచి తెర మీద మొదటి గడిలో తను కనిపిస్తున్నాడు, వేలెడంత మనిషి, చేతులు కట్టుకుని. డిస్కు నిండి ఎన్నో రోజులైంది. ఇప్పుడు ఏది పడినా పాతదాని మీదే పడాలి. తను గోడవారన ఊరికే నిలబడినందుకు సెకనుకి అర మెగాబైటు పోతోంది. లోపల ఖాళీ వరండాలు, మూసిన తలుపులు, మిషన్ల మీద కప్పిన గుడ్డలు, ఇవన్నీ కలిసి సోమవారం రాత్రిని తినేసి మంగళవారం వైపు వస్తున్నాయి. ఎంతసేపట్లో వస్తాయో కూడా అతనికి నిమిషాలతో సహా తెలుసు. తెలియకపోతే ఎంత హాయిగా ఉండేదో.

మధ్యాహ్నం ఒంటిగంటకి కాపలాదారు మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. మూడు గంటల వేళ అతనికి ఒక ఆలోచన వచ్చింది. వెంటనే దాన్ని తరిమేశాడు. అది దూరం పోలేదు, గోడకి అవతల కాచుకుని కూర్చుంది. సాయంత్రం అయిదింటికి డ్యూటీ మారి కొత్త కాపలాదారు వచ్చి, ఇక్కడ నిలబడకూడదన్నాడు. ఆ సమయానికి డిస్కులో మంగళవారం తెల్లవారుజాము మూడు నడుస్తోంది. కటింగు హాల్లో ఇంకా దీపాలు వెలిగించలేదు.

*

సోమవారం పొద్దున ఎనిమిదింటికే మేనేజరు రికార్డరు ఊడదీయించి, అన్న మాట ప్రకారం పది గంటలకి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దుమ్ము తుడిపించి మరీ తెచ్చాడు. కెమెరాల మనిషి తెర తగిలించి, పాస్‌వర్డు కొట్టి, ఆరో కెమెరా ఎంచి, అన్నిటికంటే పాతది అడిగాడు.

బుధవారం సాయంత్రం ఆరూ పదమూడు.

బావ బల్ల దగ్గర ఇంకెవడో గుడ్డ కోస్తున్నాడు. కత్తి ముందు కొత్త గార్డు తళతళలాడుతోంది. బావ కుర్చీలోంచి ముందుకి వంగి, తన కత్తి పట్టుకున్న ఆ కొత్తవాణ్ణే చూశాడు. "మోచెయ్యి అంత ఎత్తకూడదు" అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాదు.

"ఆపించమన్నానుగా?" అంది అధికారిణి.

"ఆపుదామనే అనుకున్నాం మేడమ్. షాపు మనిషి తప్ప ఎవరూ ముట్టుకోకూడదని వారంటీ కాగితంలో రాసుంది." మేనేజరు ఆ కాగితం కూడా తెచ్చాడు. "మేం ముట్టుకుంటే సాక్ష్యం పాడుచేశారంటారు కదా. శనివారం షాపుకి ఫోన్ చేశాం, మనిషి సెలవులో ఉన్నాడన్నారు."

"నేను మీ గేటు దగ్గరే ఉన్నాను" అన్నాడు కెమెరాల మనిషి. "పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఒకటో కెమెరాలో ఉంటుంది చూడండి మేడమ్."

చూశారు. ఉంది. ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. తరవాత చేతులు వదిలేసి నిలబడ్డ మనిషి. తరవాత నీళ్ళు తాగుతున్న మనిషి. ఆ కెమెరాకి మాట వినపడదు.

"నువ్వు లోపలికి రానిమ్మని అడిగినట్టు ఇందులో లేదు" అంది అధికారిణి. గొంతులో జాలి ఉంది. "నిలబడ్డట్టు ఉంది."

కాపలాదారుని పిలిపించమని అడగబోయాడు. పాతికేళ్ళుగా అదే గేటు కాస్తున్నవాడు వచ్చి ఏం చెప్తాడో తలుచుకుని ఊరుకున్నాడు.

మేనేజరు కొత్త ఉత్తరం తీశాడు. ఈసారి ముప్పావు పేజీయే. పాత లెక్కలో పొరపాటు జరిగిందని వినయంగా ఒప్పుకున్నాడు. కెమెరాకి సెకనుకి నాలుగు మెగాబిట్లు, ఎనిమిదితో భాగించగా అర మెగాబైటు, పదహారింటికి ఎనిమిది, మొత్తం పది లక్షల సెకన్లు. డిస్కు మీద ఎనిమిది టెరాబైట్లని ఉన్నా తెర మీద ఏడూ పాయింటు రెండు ఏడు కనిపించడానికి కారణం కూడా విడిగా రాశాడు. అది శుక్రవారం ఎవరూ చెప్పలేదు, ఇంటికెళ్ళి చదువుకున్నట్టున్నాడు. కాబట్టి శనివారం రాత్రి పదకొండూ నలభై ఆరుకి సదరు దృశ్యం యంత్రం పద్ధతి ప్రకారం దానంతటదే చెరిగింది, ఎవరూ చెరపలేదు. ఒక్క అంకె తప్పు లేదు.

అధికారిణి చదివి, కళ్ళద్దాలు తీసి, కెమెరాల మనిషి వైపు చూసింది. ఆవిడకి అంతా అర్థమైందని అతనికి తెలిసింది. అర్థమైందాన్ని ఏ గడిలో రాయాలో ఆవిడకి తెలియదు.

"ఈ లెక్క నువ్వు చెప్పిందేనా?"

"నేను చెప్పిందే మేడమ్."

"సరైనదేనా?"

తప్పని ఒక్కసారి అంటే? నాలుగు కాదు, మూడే పెట్టాను అంటే? అంటే ఏమవుతుంది, పోయింది తిరిగిరాదు. అదీగాక అతనికి ఆ అబద్ధం నోరు తిరగలేదు.

"సరైనదే."

"అయితే సంతకం పెట్టు. సాంకేతిక సాక్షి అని ఉన్నచోట."

పెట్టాడు. మేనేజరు కాగితం అందుకుంటూ అతని భుజం మీద చెయ్యేశాడు. వెటకారం కాదు, ఆ గొంతులో నిజంగానే కృతజ్ఞత ఉంది.

"నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదయ్యా. ఒకటిన్నర రోజు అనుకునే కూర్చునేవాళ్ళం" అన్నాడు.

శనివారం గోడకి అవతల కూర్చున్న ఆలోచన లేచొచ్చి అతని ఎదుట నిలబడింది. గదిలో అందరూ ఆ మాట విన్నారు. బావా విన్నాడు.

రికార్డులో బావ తప్పిదమని రాశారు. బావ వేలిముద్ర వేయనన్నాడు, సంతకం చేస్తానన్నాడు. కుడిచెయ్యి బాగానే ఉంది కదా. పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, నిదానంగా రాశాడు.

బయటికొచ్చాక మెట్ల మీద తమ్ముడు ముందు దిగుతున్నాడు, వెనక బావ గోడ పట్టుకుని దిగుతున్నాడు.

"వాళ్ళకి నిజంగానే తెలీదేమిట్రా, నువ్వు చెప్పేదాకా?" అన్నాడు బావ.

"తెలీదు బావా."

బావ ఒక మెట్టు దగ్గర ఆగాడు. తిడతాడని తమ్ముడు ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఇన్నేళ్ళ బావమరిది వరసలో బావ అతన్ని తిట్టని తిట్టు లేదు, ఒక్కటీ గుచ్చుకోలేదు. ఇవాళ గుచ్చుకునేది ఒకటి తిట్టించుకుని ఇంటికి పోవాలనుంది.

బావ కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని, మళ్ళీ దిగడం మొదలుపెట్టాడు.

"బాగా చెప్పావులేరా ఆ రోజు" అన్నాడు. "నాకే అర్థమైంది."